మూడు ఎముకలు, ఒక పాత కాగితం

2024 అక్టోబరు 24, గురువారం తెల్లవారుజామున అయిదున్నర ప్రాంతంలో విజయనగరంలోని మా ఇంటి వాకిట్లో కళ్లాపి చల్లి, ఖాళీ బకెట్టుతో వెనక్కి తిరిగాను. సిరిమానోత్సవం అయి అప్పటికి పది రోజులైనా కాలేదు; పండుగకు వచ్చిన బంధువులు వదిలి వెళ్లిన సంచులు ఇంకా వరండాలోనే ఉన్నాయి. తడి నేల మీద కాలు జారిందో, తిరగడంలోనే తూలానో నాకు ఈనాటికీ తెలియదు. మెట్టు మీద నుంచి కాదు, ఏ ఎత్తు నుంచీ కాదు, నిలుచున్న చోటనే కుడి పక్కకు ఒరిగి పడ్డాను. బకెట్టు దొర్లిన చప్పుడే గట్టిగా వినిపించింది గానీ నేను పడిన చప్పుడు పెద్దగా లేదు. లేవబోతే కుడి కాలు నా మాట వినలేదు. చూసుకుంటే ఆ కాలు రెండో కాలికంటే కురచగా, పాదం బయటివైపు వాలిపోయి ఉంది.

అరుపు విని మా వారూ, ఎదురింటి దంపతులూ పరుగెత్తుకొచ్చి, చంకల కింద చేతులు వేసి లేపబోయారు. సరిగ్గా అప్పుడే పనికి వచ్చిన మా ఇంటి పనిమనిషి వాళ్లను ఆపింది. "లెగదీయకండి బాబూ, కదిపితే ఇంకా పాడవుద్ది. మా మావ సెట్టు మీంచి పడ్డప్పుడు ఇలాగే లెగదీసి పాడు సేసినారు" అంది. ఇంట్లో ఇద్దరు డిగ్రీ చదివినవాళ్లకు తట్టని సంగతి ఆమెకు తట్టింది. 108 వాహనం రావడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అంతసేపూ నన్ను తడి నేల మీదనే పడుకోబెట్టి, తల కింద తువ్వాలు పెట్టి, పైన దుప్పటి కప్పారు. వాహనంలో వచ్చిన అతను రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, రెండింటినీ కలిపి కట్టి, దుప్పటితో సహా నన్ను ఎత్తించాడు. గంటస్తంభం దాటి వెళుతుంటే రోడ్డు మీది ప్రతి గొయ్యీ నా తుంటిలో లెక్కకు వచ్చింది.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎనిమిదిన్నరకు ఎక్స్‌రే తీశారు, పది గంటలకు డాక్టరు చూశారు. తొడ ఎముక పైభాగంలో బంతిలాంటి తల ఉంటుందనీ, దాని కింద మెడలాంటి సన్నని భాగం ఉంటుందనీ, నాకు విరిగింది ఆ మెడేననీ, విరిగి పక్కకు జరిగిపోయిందనీ ఆయన ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించారు. బంతికి వెళ్లే రక్తంలో ఎక్కువ భాగం ఆ మెడ మీదుగానే వెళుతుంది కాబట్టి, జరిగిపోయిన ఎముకను మేకులతో బిగించినా రక్తం అందక బంతి చచ్చిపోయే ప్రమాదం ఉందనీ, నా వయసుకు బంతిని తీసేసి లోహపు బంతి పెట్టడమే మేలనీ అన్నారు. ఆ బంతి కూర్చునే తుంటి గిన్నె మాత్రం నాదే ఉంటుందట. నాకు 63 ఏళ్లు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి 2023 జూన్‌లో పదవీ విరమణ చేశాను. రిటైరయ్యాక హాయిగా తిరుగుదామనుకున్న ఊళ్ల జాబితా ఒకటి రాసి పెట్టుకున్నాను. ఆ మంచం మీద పడుకొని నాకు మొదట గుర్తొచ్చింది ఆ జాబితాయే.

ఈలోగా మా ఆడపడుచు ఫోను. "కోత ఎందుకు వదినా, పుత్తూరు కట్టు లేదూ, లేకపోతే మన వైపే మంచి కట్టు వైద్యులున్నారు, మూడు కట్లలో లేచి నడుస్తావు" అంది. మా వారు కూడా ఒక క్షణం ఊగిసలాడారు. డాక్టరు కోపగించుకోలేదు. చెయ్యి విరిగితే బయట నుంచి బద్ద పెట్టి కదలకుండా కట్టవచ్చు గానీ, ఇది తుంటి కీలు లోపల, కండ మధ్యలో ఉన్న ఎముక కాబట్టి ఏ కట్టూ దానిని పట్టి ఉంచలేదనీ, కట్టు పేరుతో మూడు నెలలు మంచం పడితే పుండ్లూ, ఊపిరితిత్తులకు నెమ్మూ, కాళ్లలో రక్తపు గడ్డలూ వస్తాయనీ చెప్పారు. ఆ మాటతో మా ఇంట్లో చర్చ ముగిసింది.

ఆపరేషను రెండు రోజుల లోపు జరిగితే మంచిదని చెప్పిన ఆసుపత్రిలోనే అది జరగడానికి రెండు రోజులు దాటింది. రక్తపరీక్షలు గురువారం మధ్యాహ్నానికి వచ్చేశాయి. గుండె పరీక్ష చేసే డాక్టరు మాత్రం శుక్రవారం సాయంత్రం తప్ప రారన్నారు. అది చూడనిదే మత్తు డాక్టరు ఒప్పుకోరు. పింఛనుదారుల ఆరోగ్య కార్డు ఉన్నా, అనుమతి వచ్చేదాకా పాతిక వేలు కట్టమన్నారు, కట్టాం. అందులో తరువాత తిరిగి వచ్చింది పదకొండు వేలు. మిగిలినది కార్డులో రాని సామగ్రికి అని ఒక చీటీ ఇచ్చారు, ఆ చీటీలోని వస్తువుల పేర్లు ఇప్పటికీ నాకు అర్థం కావు. భువనేశ్వర్‌లో ఉన్న మా అమ్మాయి ఆ గురువారమే బయలుదేరవలసింది. అదే రాత్రి దానా తుఫాను ఒడిశా తీరాన్ని తాకబోతోందని రైళ్లు రద్దు చేయడంతో తను శనివారం ఉదయానికి గాని చేరలేదు.

ఆ రెండు రాత్రుల గురించి రాయకుండా ఉండలేను. కాలికి పట్టీ చుట్టి, మంచం చివర తాడుకు రెండు కిలోల బరువు వేలాడదీశారు. అది నొప్పి తగ్గించడానికే, ఎముకను అతికించడానికి కాదు. నొప్పికంటే నన్ను ఎక్కువ కుంగదీసింది పడుకున్న చోటనే అన్నీ జరగవలసి రావడం. ముప్ఫై తొమ్మిదేళ్లు పిల్లల ముందు నిటారుగా నిలబడిన దానిని, ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయి బెడ్‌పాన్ తెచ్చి పెడుతుంటే కళ్లు మూసుకునేదాన్ని. బెడ్‌పాన్ అవసరం తగ్గుతుందని నీళ్లు తాగడం మానేశాను. అది పెద్ద తప్పు. శుక్రవారానికి మూత్రం ముదురు రంగుకు వచ్చి, నర్సు చేత మాటలు పడి, సెలైన్ ఎక్కించుకున్నాను. మా వారు రాత్రంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ప్రతి గంటకూ నా మడమ కింద చెయ్యి పెట్టి ఎత్తేవారు. మడమ ఒకే చోట ఒత్తుకుంటే పుండు పడుతుందని పక్క మంచం వాళ్లు చెప్పారు, ఆసుపత్రివారు కాదు.

శనివారం, 26వ తేదీ, పదకొండు గంటలకు లోపలికి తీసుకువెళ్లారు. వెన్నులో మత్తు ఇస్తారు కాబట్టి మనిషి మెలకువగానే ఉంటుంది. సూది భయం అంతా అనవసరం. సూది కోసం పక్కకు తిరిగి ముడుచుకోవడమే అసలు బాధ, విరిగిన తుంటితో. పది నిమిషాలకు నడుము కింది భాగం నాది కానట్టు అయిపోయింది. తరువాత తెర అవతల సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. వడ్రంగి ఉలి మీద కొట్టినట్టు ఒక లయలో, నా శరీరం బల్ల మీద అదురుతోంది గాని నొప్పి లేదు. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే అంత బెదిరిపోయేదాన్ని కాదు. ఎముక సిమెంటు కలిపినప్పుడు గోళ్ల రంగులాంటి ఘాటైన వాసన వచ్చింది. గంటన్నరలో అయిపోయింది. సాయంత్రం కాలివేళ్లు కదిలినప్పుడు, అవి కదులుతున్నాయని చూడమని మా అమ్మాయిని నాలుగుసార్లు పిలిచాను.

మరునాడు ఆదివారం పది గంటలకే వాకరు తెచ్చి నిలబడమన్నారు. కోసిన ఇరవై నాలుగు గంటలకు నిలబెడతారని నేను కలలో కూడా అనుకోలేదు. కళ్లు తిరిగాయి, చెమటలు పట్టాయి, అయినా మూడు అడుగులు వేశాను. అయిదో రోజు, సరిగ్గా దీపావళి నాడు, 31వ తేదీ సాయంత్రం ఇంటికి పంపారు. కారులో ముందు సీటును బాగా వెనక్కి జరిపించి, ముందుగా వీపు వైపు నుంచి కూర్చొని తరువాత కాళ్లు లోపలికి తీసుకోవాలని నేర్పారు. వీధుల్లో చిచ్చుబుడ్లు కాలుస్తున్న పిల్లలు కారు కోసం పక్కకు తప్పుకుంటుంటే, ప్రతి బాంబుకూ నా ఒళ్లు ఉలిక్కిపడి తుంటి కలుక్కుమనేది.

ఇంటికి వచ్చాక తెలిసింది, మన ఇళ్లన్నీ నేల మీద కూర్చునేవారి కోసం కట్టినవని. తుంటి తొంభై డిగ్రీలకు మించి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, లేకపోతే కొత్త బంతి గిన్నెలో నుంచి జారిపోతుంది. కాబట్టి పీట లేదు, చాప లేదు, మడత మంచం లేదు, పాత పద్ధతి మరుగుదొడ్డి అసలే లేదు. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాం. వాకరు 1,400 రూపాయలు, కమోడ్ కుర్చీ 2,800. పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు ఆరు వారాలు. కింద పడిన దువ్వెన తీసుకోవడానికి కూడా ఒకరిని పిలవాలి. కార్తీకమాసమంతా కుర్చీలో కూర్చొనే దీపం పెట్టాను. తులసికోట దగ్గరకు మెట్టు ఉండడంతో దీపాన్ని మా వారే తీసుకువెళ్లేవారు. రక్తం గడ్డకట్టకుండా పొట్టకు ఇంజెక్షను రోజూ వేయించుకోవాలి. వీధి చివరి కాంపౌండరు ఒక్కోదానికి యాభై రూపాయలు తీసుకున్నాడు. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం ఎంత బాధిస్తుందో డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క లేదు. నాలుగు రోజులు దాటాక డాక్టరుకు ఫోను చేసి మందు రాయించుకున్నాం. ఈ అవస్థలో పడబోయేవారు ఆ మందును మొదటి రోజే అడగడం మంచిది.

నవంబరు 9న కుట్ల క్లిప్పులు తీశారు. డిసెంబరు 7న ఆరు వారాల పరీక్ష. డాక్టరు ఎక్స్‌రే చూసి "బాగా కూర్చుంది" అన్నారు, కాల్షియం మాత్రలు కొనసాగించమన్నారు, నాలుగు నిమిషాల్లో బయటకు వచ్చేశాం. నాకు సంతోషమే వేసింది.

అసలు కథ ఇక్కడి నుంచి మొదలవుతుందని అప్పటికి నాకు తెలియదు.

ఇంటికి వచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అబ్బాయి, రోజుకు నాలుగు వందల చొప్పున ఇరవై రోజులు వచ్చాడు. ఆఖరి వారంలో ఒక రోజు నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, మడమలూ వీపూ ఆనాయి గాని తల వెనుక నాలుగు వేళ్ల సందు మిగలడం చూసి, "మేడం, ఇంతకు ముందు మీకు ఇంకేదైనా ఎముక విరిగిందా?" అని అడిగాడు.

విరిగింది. 2021 ఆగస్టులో వరండాలో తడి చెప్పుతో జారి, చెయ్యి ఆనించుకున్నప్పుడు ఎడమ మణికట్టు విరిగింది. ఒక డాక్టరు పిండికట్టు వేశారు, ఆరు వారాలకు తీశారు, వేళ్లు బిగుసుకుపోతే రబ్బరు బంతి నొక్కమన్నారు. "ఈ వయసులో పడితే విరుగుతాయమ్మా" అన్నారు. అప్పుడు నాకు 60 ఏళ్లు. పడితే విరుగుతుంది అనే మాట ఎంత సహజంగా ఉంటుందంటే, ఎందుకు విరిగింది అని ఎదురు ప్రశ్న వేయాలని ఎవరికీ తోచదు. వాన రోజున జారినవాళ్లు మా బడిలోనే ఇంకా ఇద్దరు ఉన్నారు, వాళ్ల ఎముకలు విరగలేదు.

ఆ అబ్బాయి అంతటితో వదలలేదు. నడుము నొప్పి ఎప్పుడైనా హఠాత్తుగా వచ్చిందా అన్నాడు. 2022 వేసవిలో బియ్యం బస్తాను గదిలో నుంచి వసారాలోకి ఈడ్చినప్పుడు వీపు మధ్యలో పట్టేసింది. రెండు నెలలు బెల్టు పెట్టుకున్నాను, బామ్ రాసుకున్నాను, వాతం అనుకున్నాను. "విశాఖపట్నంలో ఎముకల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టరును, కలవండి మేడం. తుంటి నయమైంది గాని తుంటిని విరిచినది నయం కాలేదు" అన్నాడు. నాకంటే నలభై ఏళ్లు చిన్నవాడు.

పది రోజులకు అపాయింట్‌మెంటు దొరికింది. డిసెంబరు 17, మంగళవారం, కారు మాట్లాడుకొని మూడు వేలకు వెళ్లి వచ్చాం. అరవై కిలోమీటర్ల దారి, మధ్యలో ఆనందపురం దగ్గర దిగి అయిదు నిమిషాలు వాకరుతో నడిచాను. ఆ డాక్టరమ్మ మొదట అడిగినవి ఎముకల గురించి కావు. అమ్మకు గాని నాన్నకు గాని తుంటి విరిగిందా, స్టీరాయిడ్ మాత్రలు ఎప్పుడైనా వాడానా, గ్యాస్ మాత్ర ఎన్నేళ్లుగా వేసుకుంటున్నాను, ఎత్తు ఎంత, నెలసరి ఎప్పుడు ఆగింది.

ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం అన్నాను. అక్కడి నర్సు కొలిస్తే నాలుగు అడుగుల పదకొండున్నర వచ్చింది. నేను నమ్మలేదు. ఇంటికి వచ్చాక సర్వీసు రిజిస్టరు నకలు తీసి చూశాను. 1984లో ఉద్యోగంలో చేరినప్పుడు పుట్టుమచ్చలతో పాటు రాసిన ఎత్తు అయిదడుగుల ఒక అంగుళమే. అంగుళమున్నర ఎత్తు ఎక్కడికి పోయిందో ఎక్స్‌రే చెప్పింది: వీపు కింది భాగంలో, పన్నెండో వెన్నుపూస ముందువైపు అణిగి చీలికలా మారింది. అది పాత విరుపు. బియ్యం బస్తా రోజుదే అయి ఉంటుందన్నారు. అంటే తుంటి నా మూడో ఎముక.

ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే డెక్సా స్కాను అదే రోజు చేశారు, 2,500 రూపాయలు. బట్టలతోనే బల్ల మీద వెల్లకిలా పడుకుంటే మీద నుంచి ఒక చెయ్యిలాంటిది నెమ్మదిగా జరుగుతుంది, పావుగంటలో అయిపోయింది. ఆ ఉదయం కాల్షియం మాత్ర వేసుకోకూడదని ముందే చెప్పారు, పొట్టలో కరగని మాత్ర వెన్నుపూసల మీద పడి లెక్కను తప్పిస్తుందట. కుడి తుంటిలో లోహం ఉంది కాబట్టి ఎడమ తుంటినే కొలిచారు. ఆరోగ్యవంతులైన యువతుల ఎముకతో పోల్చి ఇచ్చే టి-స్కోరు సున్నాకు ఎంత కిందికి పోతే ఎముక అంత పలుచన, మైనస్ 2.5 గాని అంతకంటే కింద గాని ఉంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. నా వెన్నుకు మైనస్ 3.4, ఎడమ తుంటికి మైనస్ 2.9. నిలుచున్న చోటి నుంచి పడి తుంటి విరిగిందంటేనే జబ్బు పేరు ఖాయమనీ, ఈ అంకె రేపు మందు పని చేస్తోందో లేదో చూసుకోవడానికనీ ఆమె అన్నారు. మరి 2021లోనే, మణికట్టు విరిగినప్పుడే ఈ పావుగంట స్కాను చేసి ఉంటే? అని అడిగాను. ఆమె జవాబు చెప్పకుండా నా ఫైలు మీద ఏదో రాసుకున్నారు.

రక్తపరీక్షలు చాలా రాశారు. విటమిన్ డి 11 వచ్చింది. 20 లోపు ఉంటే లోపమేనట. మే నెలలో గుమ్మం దాటితే మాడిపోయే జిల్లాలో బతికినదానికి ఎండ చాలలేదంటే నవ్వొచ్చింది గాని, ఎండ ఉన్నంతసేపూ తరగతి గదిలో ఉన్నాను, బయటకు వస్తే గొడుగూ నిండుగా చీరా. రోజూ మాత్ర వేసుకుంటున్న థైరాయిడ్ పరీక్షా, మూత్రపిండాల పరీక్షా సరిగానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం, మూలుగలో పుట్టే కేన్సరు కూడా ఎముకలను ఇలాగే గుల్ల చేయగలదు కాబట్టి అది లేదని నిర్ధారించుకునే పరీక్ష, నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రాత్రులు మా వారికి చెప్పకుండా మేలుకొనే ఉన్నాను. 21వ తేదీ మధ్యాహ్నం ఫోనులో "ఏమీ లేదు" అని వచ్చినప్పుడు ఆపరేషను అయిన రోజున కూడా ఏడవనిదానిని వంటింట్లో నిలబడి ఏడ్చాను.

నెలసరి ప్రశ్న దగ్గరకు వస్తాను. 2001లో, నా నలభయ్యో ఏట, అధిక రక్తస్రావానికి ఒక నర్సింగ్‌హోములో గర్భసంచి తీయించుకున్నాను. ఉంచితే కేన్సరుగా మారుతుందన్నారు, ఇంక ప్రశ్నలు లేవు. మా బంధువుల ఇళ్లలో నలభై లోపే గర్భసంచి తీయించుకున్నవాళ్లను లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలవు. డాక్టరమ్మ అడిగింది ఒక్కటే: "గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా?" నాకు తెలియదు. ఇరవై మూడేళ్లుగా నా ఒంట్లో ఏమి ఉందో ఏమి లేదో నాకు తెలియదు.

మేడ మీది ట్రంకు పెట్టెలో, పిల్లల ప్రోగ్రెస్ కార్డుల అడుగున, ఆ కాగితం దొరికింది. అంచులు పసుపు పచ్చబడి, మడత దగ్గర చిరిగి ఉంది. మధ్యలో చేతిరాతతో "టి.ఎ.హెచ్. విత్ బి.ఎస్.ఓ." అని ఉంది. ఆ అక్షరాలను 2001లోనే చదివాను. సంధులూ సమాసాలూ విడదీసి చెప్పడమే వృత్తిగా బతికిన మనిషిని, ఆ పొడి అక్షరాలను విడదీయమని ఎవరినీ అడగలేదు. ఫొటో తీసి పంపితే డాక్టరమ్మ ఫోనులో చెప్పారు: గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఎముకను కరిగించే కణాలూ, కట్టే కణాలూ జీవితాంతం పక్కపక్కనే పని చేస్తుంటాయనీ, కరిగించేవాటిని అదుపులో ఉంచేది అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అనీ, మామూలుగా అది వయసుతో మెల్లగా తగ్గితే, నాకు నలభయ్యో ఏట ఒక్క పూటలో ఆగిపోయిందనీ వివరించారు. అప్పుడే చెప్పి ఉంటే ఏదో ఒక మందూ, కనీసం ఒక స్కానూ ఉండేవి. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక, ఆ రోజు అన్నం వండకుండా కూర్చున్నాను.

వైద్యం సాదాగానే ఉంది, జాగ్రత్తలే ఎక్కువ. విటమిన్ డి అరవై వేల యూనిట్ల పొట్లం వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు. మందుల దుకాణం కుర్రాడు చీటీ సరిగా చూడకుండా "రోజుకొకటి పాలలో" అన్నాడు. అలా వేసుకొని ఉంటే విషమయ్యేది. ఎనిమిదేళ్లుగా పరగడుపున వేసుకుంటున్న గ్యాస్ మాత్రను మెల్లగా మాన్పించారు, అది ఎముకకు మంచిది కాదట, పైగా మామూలు కాల్షియం మాత్ర కరగడానికి కడుపులో ఆమ్లం ఉండాలట. తెల్లవారి థైరాయిడ్ మాత్రకూ, కాల్షియానికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. డిశ్చార్జి నాటి నుంచి నేను రెండూ ఒకే గుక్కలో మింగుతున్నాను. తిండి విషయంలో ఆమె చెప్పినవేవీ కొనుక్కురావలసినవి కావు. చిన్నప్పుడు మా అమ్మమ్మ బొండపల్లిలో రోజూ పొద్దున పోసిన చోడి (రాగి) అంబలి, దానితో నువ్వుల పొడి, ములగాకు. ఉద్యోగం వచ్చాక ఇడ్లీకి మారి గొప్పవాళ్లమయ్యాం.

అసలు మందు, ఎముక కరగడాన్ని తగ్గించే జోలెడ్రోనిక్ ఆసిడ్ అనే ఇంజెక్షను, ఏడాదికి ఒకసారి సెలైనులా ఎక్కిస్తారు. అంతకు ముందు పళ్లు చూపించుకోవాలన్నారు. తుంటికీ పళ్లకూ ఏమిటి సంబంధం అనుకున్నాను. ఈ మందు వాడేవారిలో పన్ను పీకినచోట దవడ ఎముక మానకుండా పోవడం అరుదుగా జరుగుతుందట, కాబట్టి పీకవలసినవి ముందే పీకించాలి. జనవరి 6న ఒక పాత పంటి ముక్కను తీయించి, మానడానికి ఆరు వారాలు ఆగాం. ఫిబ్రవరి 18న విశాఖపట్నంలో ఎక్కించారు. మందుకు 3,500, పడకకు 1,500. ముందు రోజు నుంచీ బాగా నీళ్లు తాగమన్నారు, ఈసారి తాగాను. అరగంటలో అయిపోయింది, ఏమీ తెలియలేదు. తిరుగు దారిలో తగరపువలస దాటేసరికి చలి మొదలైంది. రాత్రికి 101 జ్వరం, ఒళ్లంతా ఎవరో రోకలితో దంచినట్టు నొప్పులు. మొదటిసారి ఇలా రావడం మామూలేననీ, పారాసిటమాల్‌తో రెండు మూడు రోజుల్లో పోతుందనీ రాసి ఇచ్చిన కాగితాన్ని మా వారు ఆ రాత్రి మూడుసార్లు చదివారు. మూడో రోజు పొద్దున లేచి అంబలి అడిగాను.

వచ్చే ఫిబ్రవరిలో రెండోది, ఆపై ఏడాది మూడోది, తరువాత మళ్లీ కొలుస్తారు. పోయిన అంగుళమున్నర మాత్రం రాదు. ఇప్పుడు వాకరు మేడ మీదికి వెళ్లింది, చేతికర్రతో అయ్యకోనేరు గట్టు దాకా నడుస్తున్నాను. వాకిట్లో కళ్లాపి మా పనిమనిషి చల్లుతోంది, అది ఆరేదాకా నన్ను గడప దాటనివ్వదు.

పోయిన వారం ఆమె అంట్లు తోముతూ, తనకు నెలనెలా రక్తస్రావం ఆగడం లేదనీ, గర్భసంచి తీసేస్తామన్నారనీ, వచ్చే నెల రమ్మన్నారనీ చెప్పింది. ఆమెకు 36 ఏళ్లు. స్కాను తీశారా, మందులతో తగ్గదా, అండాశయాలు ఉంచుతారా తీసేస్తారా, ఇవన్నీ అడిగావా అన్నాను.

"అండాశయాలంటే ఏటి టీచరమ్మా?" అంది.

చేతులు కడుక్కుని రమ్మని, కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. అడగవలసినవి పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వబోతే, "నాను సదవనేను కదమ్మా, మీరే వచ్చి అడిగితే పోలే?" అంది. సోమవారం పది గంటలకు ఇద్దరం వెళుతున్నాం. ఆటోవాడికి ముందే చెప్పి ఉంచాను, నేను ముందు వీపు వైపు నుంచి కూర్చొని కాళ్లు తరువాత తీసుకుంటాననీ, అప్పటిదాకా బండి కదపవద్దనీ.